ఏమీ చేయని మూడు వరుసలు

తప్పు నాదే.
వీరుమ్ కరకట్ట మెట్ల మీద
చేతితొడుగు తీయకుండా జేబులోంచి లాగాను.
పదహారేళ్లు ఉప్పుగాలి తిన్న గ్రాఫ్ కాలిక్యులేటరు,
ఏడు మీట మీది అంకె ఎప్పుడో అరిగి
గులకరాయిలా నున్నబడింది.
కింది సగం తెర సిరా ఒలికినట్టు నల్లబడింది,
పై సగం ఇంకా లెక్కలు చెబుతూనే ఉంది.

లీవార్డెన్ నుంచి హిస్కె కొత్తది తెచ్చింది.
రంగుల తెర. బిస్కెట్టంత మందం.
"ఇందులో లేనిది లేదు అత్తా" అంది.
కాదనలేదు.
ఏం లేవో తెలియడానికి నాకు వారం పట్టింది.

ముందు తీగ పట్టలేదు.
పాతదానికి గుండ్రటి నోరు, దీనికి పలకనోరు.
వంటింటి బల్ల మీద ఎదురెదురుగా పెడితే
మాటలు మానేసిన తోడికోడళ్లలా కూర్చున్నాయి.

పాతది నాలుగు సన్న బ్యాటరీలతో సరిపెట్టుకునేది,
అయిపోతే టార్చిలోంచి పీకి వేసేదాన్ని.
దీనికి గోడ కావాలి.
ఆటు వేళ, అమెలాండ్ దీవికి నడిచే దారిలో,
మోకాలి లోతు బురదలో
గోడ ఎవరు కట్టిస్తారు?

ఎండ ముదిరేకొద్దీ పాతదాని అంకెలు తేరుకునేవి.
కొత్తదాన్ని ఎండలోకి తీస్తే
నా ముక్కు కనిపిస్తోంది.

ఇవన్నీ సర్దుకోవచ్చు.
వీబ్రెన్ రాసిన ప్రోగ్రాం ఒక్కటే సర్దుకోలేదు.
దాని పేరు 'బురద', మా ఫ్రీజియన్ మాటలో.
తేదీ చెప్పి, గాలి ఎటో చెబితే
ఎప్పుడు దిగాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో గీసి చూపేది.
తీగ లేదు కాబట్టి
తెరలో బతికున్న సగంలోకి ఒక్కో వరుసా జరుపుకుంటూ
నూటపద్నాలుగు వరుసలు
నోటుపుస్తకంలోకి ఎక్కించాను.
ఆయన పోయాక ఆయన చేతిరాత చదువుతున్నట్టే ఉంది,
అది చేతిరాత కాకపోయినా.

అరవయ్యో వరుస దగ్గర ఆగాను.
ఒకటి నుంచి మూడొందల దాకా లెక్కపెట్టు.
ఏమీ చేయకు.
అయ్యాక ముందుకెళ్లు.

"దండగ, తీసెయ్" అంది హిస్కె.
తీసేశాను.
మీట నొక్కానో లేదో
గీత మొత్తం ప్రత్యక్షమైంది,
ఆటూ పోటూ ఒకేసారి,
ఎప్పుడో ఎండిన రంగులా.

పాతదాంట్లో గీత ఎడమనుంచి వచ్చేది,
చుక్క పక్కన చుక్క,
కాలవల్లోకి నీళ్లు చప్పుడు లేకుండా పాకినట్టు.
అంతసేపూ వీబ్రెన్ చెయ్యెత్తి అందరినీ ఆపి
గీత వంక కాదు, మనుషుల వంక చూసేవాడు.
ఓ మే నెలలో అలా చూస్తూనే
"ఒకటి తగ్గింది" అన్నాడు.
గ్రోనింగెన్ కుర్రాడు, రెండొందల అడుగుల వెనక,
తొడల దాకా కూరుకుపోయి
సిగ్గుతో కేక వేయలేదు.

పాపం ముసలి యంత్రం,
ఆలోచించడానికి టైం తీసుకుంటోందనుకునేదాన్ని.
అది చాలదని ఇంకా ఆలస్యం
ఈ మనిషి చేత్తో కలిపాడన్నమాట.

మూడు వరుసలూ మళ్లీ పెట్టాను.
మూడొందలు రెప్ప పడేలోపు అయిపోయాయి.
మూడువేలకి ఒక ఊపిరి.
చివరికి ఎనభైవేలు రాసి, పొయ్యి మీద టీ పెట్టి వచ్చి చూస్తే
సరిగ్గా పాత ఆలస్యం.
హిస్కె నవ్వింది. నవ్వనీ.

శనివారం ఇరవై రెండుమంది దిగారు.
సగం దారిలో మీట నొక్కాను.
తెర ఖాళీగా ఉండిపోయింది.
"హ్యాంగయిందా?" అన్నాడు పసుపు కోటాయన.
"పనిలో ఉంది" అని
తల ఎత్తాను.
పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి.
మళ్లీ మొదట్నుంచి.
ఎవరో వంగి లేసు కట్టుకుంటున్నారు,
ఎర్ర టోపీ పైకి లేచింది.

గీత ఎప్పుడు వచ్చిందో
నేను చూడలేదు.